బుడగను పట్టి ఉంచే విద్య: స్పార్క్లింగ్ వైన్ల తయారీకి సమగ్ర మార్గదర్శి

ద్రాక్షరసాన్ని పులియనిస్తే అందులోని చక్కెరను ఈస్ట్ తిని రెండు పదార్థాలను మిగులుస్తుంది. ఒకటి ఆల్కహాలు, రెండోది కార్బన్ డయాక్సైడ్ వాయువు. మామూలు వైన్ చేసేవారు ఆ వాయువును గాలిలో కలిసిపోనిస్తారు. స్పార్క్లింగ్ వైన్ చేసేవారు దానిని మూసిన పాత్రలో పట్టి ఉంచుతారు. బయటికి దారి లేని వాయువు వైన్‌లోనే కరిగి, నెలల తరువాతో ఏళ్ల తరువాతో మూత తీసిన క్షణాన బుడగలై పైకి లేస్తుంది. ఫ్రాన్స్ షాంపేన్ అయినా, ఇటలీ ప్రొసెక్కో అయినా, స్పెయిన్ కావా అయినా మూలసూత్రం ఇదే. వాటి మధ్య రుచిలోను, నురగ తీరులోను మనకు తెలిసే తేడాలలో చాలా భాగం ఒక్క ప్రశ్న దగ్గర మొదలవుతాయి: ఆ వాయువును ఏ పాత్రలో, ఏ దశలో పట్టారు, ఆ తరువాత ఎంతకాలం కదలకుండా ఉంచారు? ఈ ప్రశ్నను చేతిలో పట్టుకుని తోట నుంచి గ్లాసు దాకా ఒక్కో మెట్టే నడుద్దాం. ముందుగా అన్నిటికంటే శ్రమతో కూడిన దారిని, అంటే సీసాలోనే రెండోసారి పులియబెట్టే సంప్రదాయ పద్ధతిని పూర్తిగా చూస్తే, మిగిలిన పద్ధతులు ఎక్కడ పక్కకు తిరిగాయో తేలికగా బోధపడుతుంది.

మొదటి మెట్టు: కోత, పిండడం

స్పార్క్లింగ్ వైన్ కోసం ద్రాక్షను తీపి బాగా ఎక్కకముందే, పులుపు దండిగా ఉండగానే కోస్తారు. సీసాలో రెండోసారి పులిసినప్పుడు ఆల్కహాలు సుమారు మరో 1.3 శాతం పెరుగుతుంది కాబట్టి, మొదటి వైన్ 10 లేదా 11 శాతం దగ్గర ఆగాలి. బాగా మాగిన పండుతో మొదలుపెడితే చివరికి వైన్ బరువెక్కి, తాగేవారిని అలసటపెడుతుంది. పులుపు తగ్గితే బుడగలు ఎంత ఉన్నా రుచి చప్పబడిపోతుంది. అందుకే ఈ వైన్లకు చల్లని ప్రాంతాలు బాగా కలిసివచ్చాయి. ఫ్రాన్స్ ఈశాన్యాన, ఉత్తర అక్షాంశం 49 డిగ్రీల చుట్టుపక్కల ఉన్న షాంపేన్ ప్రాంతం ఇందుకు పేరెన్నికగన్న ఉదాహరణ. రాన్స్, ఎపెర్నే పట్టణాల చుట్టూ పరుచుకున్న ఆ తోటల కింద చాలాచోట్ల సుద్దనేల ఉంటుంది. వాన నీటిని స్పాంజిలా పీల్చుకుని, వేర్లకు కావలసినప్పుడు కొద్దికొద్దిగా అందించడం ఆ నేల గుణం.

అక్కడ ప్రధానంగా పండించే రకాలు మూడు. షార్డొనే తెల్ల ద్రాక్ష. పినో న్వార్, మెన్యే నల్ల ద్రాక్షలు. నల్ల ద్రాక్ష నుంచి తెల్లని వైన్ ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. ఈ పండ్లలో రంగంతా తొక్కలోనే ఉంటుంది, గుజ్జు మాత్రం తెల్లనిది. పండు చిట్లకుండా గుత్తులను చేత్తో కోసి, తొడిమలతో సహా గానుగలో పరిచి నెమ్మదిగా నొక్కితే, తొక్కలోని రంగు దిగేలోపే రసం విడిపోతుంది. షాంపేన్‌లో చేతికోత తప్పనిసరి కావడానికి కారణం ఇదే. అక్కడ ఒక గానుగ వాయిలో 4,000 కిలోల ద్రాక్ష వేసి, మొదట దిగే 2,050 లీటర్ల రసాన్ని ఒక రకంగా, ఆ తరువాత దిగే 500 లీటర్లను మరో రకంగా విడదీస్తారు. మొదటి రసంలో పులుపూ చక్కెరా ఎక్కువగా ఉండి, వైన్ ఎక్కువకాలం నిలుస్తుంది. రెండోది పండ్ల వాసనతో తొందరగా అలరిస్తుంది కాని అంత కాలం నిలవదు. ఈ రెండిటికి మించి పిండిన రసాన్ని షాంపేన్‌గా చేయనివ్వరు. నా దృష్టిలో మంచి స్పార్క్లింగ్ వైన్ భవితవ్యం సగానికి సగం ఈ గానుగ దగ్గరే తేలిపోతుంది, ఎందుకంటే ఇక్కడ తొందరపడి దించుకున్న చేదును ఆ తరువాతి ఏ మెట్టూ పూర్తిగా తీసివేయలేదు.

రెండో మెట్టు: మొదటి వైన్, కూర్పు

పిండిన రసాన్ని తేర్చి, స్టీలు ట్యాంకులలోగాని ఓక్ పీపాలలోగాని మామూలుగానే పులియబెడతారు. కొందరు ఆపై మాలిక్ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బాక్టీరియాను కూడా పనిచేయనిస్తారు. మరికొందరు పదునైన పులుపును కాపాడుకోవడానికి ఆ మార్పును అడ్డుకుంటారు. ఈ దశలో వైన్ నోట పెట్టుకుంటే పళ్లు జివ్వుమంటాయి. పచ్చి ఆపిల్, నిమ్మ వంటి పులుపు తప్ప పెద్దగా ఏమీ తెలియదు. తయారీదారు దానిలో ఇప్పటి రుచిని కాక, మూడు నాలుగేళ్ల తరువాతి రుచిని చూడగలగాలి.

శీతాకాలం గడిచాక కూర్పు మొదలవుతుంది. వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు ద్రాక్షల నుంచి వచ్చిన పదుల కొద్దీ వైన్లను రుచి చూసి, పాత ఏళ్ల నుంచి దాచిపెట్టిన నిల్వ వైన్లను కూడా పాళ్ల ప్రకారం కలుపుతారు. చలి, వడగండ్లు, వానలు ఒక ఏడాదిలా మరో ఏడాది ఉండని ప్రాంతంలో, ఏటేటా ఒకే రుచి ఇవ్వడానికి పెద్దలు కనిపెట్టిన ఉపాయమిది. సీసా మీద సంవత్సరం లేదంటే అది పలు ఏళ్ల కూర్పు అని అర్థం. షాంపేన్ ప్రాంతంలోని ఒవిలెర్ మఠంలో 1668 నుంచి 1715లో మరణించే దాకా నిల్వగదుల బాధ్యత చూసిన సన్యాసి దొం పెరిన్యోఁ అసలు గొప్పతనం ఇక్కడే ఉంది. ఆయన బుడగల వైన్‌ను కనిపెట్టాడన్నది ప్రచారం వల్ల పాతుకుపోయిన కథ. నల్ల ద్రాక్ష నుంచి తేటైన తెల్ల రసం తీయడంలోను, వేర్వేరు తోటల ద్రాక్షను కలపడంలోను ఆయన చేసిన కృషి మాత్రం నిజం. ఆయన కాలంలో సీసాలో అనుకోకుండా పుట్టే బుడగలను లోపంగానే చూసేవారు.

మూడో మెట్టు: సీసాలో రెండోసారి పులియబెట్టడం

వాయువును పట్టి ఉంచే పని ఇక్కడ మొదలవుతుంది. కూర్చిన వైన్‌లో చక్కెర, ఈస్ట్, తరువాత మడ్డి తేలికగా జారడానికి కొద్దిగా మెత్తని బంకమన్ను కలిపి, సీసాలలో నింపి, సోడాసీసా మూత లాంటి లోహపు మూత బిగిస్తారు. చక్కెర లెక్క సూటిగా ఉంటుంది. లీటరుకు దాదాపు 4 గ్రాముల చక్కెర పులిస్తే సీసాలో ఒక అట్మాస్ఫియర్ (మన చుట్టూ ఉన్న గాలి మోపేంత) ఒత్తిడి ఏర్పడుతుంది. షాంపేన్‌లో ఆశించే 6 అట్మాస్ఫియర్ల కోసం లీటరుకు 24 గ్రాములు, అంటే ముప్పావు లీటరు సీసాకు 18 గ్రాములు కావాలి. ఆ ఒత్తిడి కారు టైరులోని ఒత్తిడికి రెండింతలకు పైనే.

ఈ సులువైన లెక్క చేతికి రావడానికి చాలాకాలం పట్టింది. వైన్‌లో చక్కెర వేస్తే అది చురుగ్గా బుడగలు కక్కుతుందని 1662 డిసెంబరులో క్రిస్టఫర్ మెరెట్ అనే ఆంగ్లేయుడు లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో రాశాడు. బొగ్గు కొలిమిలో కాల్చిన గట్టి గాజుసీసాలు అప్పటికే ఇంగ్లండులో ఉండడం వల్ల ఆ వైన్‌ను సీసాలో నిలపడం వారికి సాధ్యమైంది. కాని ఎంత చక్కెర వేయాలో తెలియక, ఫ్రాన్స్‌లో ఒక సీసా పగిలితే పక్కనున్నవి వరుసగా పగిలి, నిల్వగదిలో సరుకంతా నేలపాలయ్యేది. పనివారు ఇనుప ముసుగులు తొడుక్కుని తిరిగేవారు. 1836లో షాలోఁ పట్టణానికి చెందిన మందుల తయారీదారు జాఁ-బాప్తిస్త్ ఫ్రాన్స్వా, వైన్‌లో మిగిలి ఉన్న చక్కెరను కొలిచి ఎంత కలపవచ్చో లెక్కకట్టే మార్గం చూపాక, ఆ నష్టం క్రమంగా తగ్గింది.

సొంతంగా ప్రయత్నించదలచినవారు ఆ చరిత్రను పాఠంగానే తీసుకోవాలి. చక్కెర కలిపే ముందు మొదటి వైన్‌లో పులియదగిన చక్కెర మిగల్లేదని, ద్రవ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరుతో రూఢి చేసుకోవాలి. ఎందుకంటే మిగిలిన ప్రతి గ్రామూ ఒత్తిడికి తోడవుతుంది. కొలతను కంటితో కాక తూకంతో వేయాలి. మందపాటి గాజుతో, లోపలికి ఒత్తిన అడుగుతో, ఈ వైన్ కోసమే చేసిన సీసాలను తప్ప మామూలు వైన్ సీసాలను ఎన్నడూ వాడకూడదు. పులుస్తున్న సీసాలను ముట్టేటప్పుడు కళ్లద్దాలు, మందమైన చేతి తొడుగులు వేసుకోవడం ఎంత అనుభవం ఉన్నవారికైనా తప్పనిసరి.

సీసాలను 10 నుంచి 12 డిగ్రీల చల్లని నేలమాళిగలో పడుకోబెడితే ఈస్ట్ తొందరపడకుండా ఆరు నుంచి ఎనిమిది వారాలలో చక్కెరను తినేస్తుంది. ఆల్కహాలూ పులుపూ ఉన్న వైన్‌లో, పెరుగుతున్న ఒత్తిడి కింద, చలిలో పనిచేయడం ఈస్ట్‌కు కష్టమే కనుక, ముందుగా కొద్ది వైన్‌లో దానిని అలవాటు చేసి, బాగా చురుకెక్కాకే కలపాలి. ఈ జాగ్రత్త లేకపోతే పులియడం మధ్యలో ఆగిపోయి, సీసాలో తీపి మిగిలి బుడగ చాలకుండా పోతుంది. ఆగిన సీసాను తిరిగి కదిలించడం కంటే మొదటే ఈస్ట్‌ను సిద్ధం చేసుకోవడం ఎంతో తేలిక.

నాలుగో మెట్టు: మడ్డి మీద నిద్ర

చక్కెర అయిపోయాక ఈస్ట్ చనిపోయి, పడుకోబెట్టిన సీసా పక్కన సన్నని తెల్లటి పొరలా పేరుకుంటుంది. దీన్నే మడ్డి అంటున్నాం. చూపుకు పనికిరాని పదార్థంలా కనిపించే ఈ మడ్డే సంప్రదాయ పద్ధతికి ప్రాణం. నెలలు గడిచేకొద్దీ చనిపోయిన ఈస్ట్ కణాలు తమలోని ఎంజైముల వల్ల తామే కరుగుతూ, అమైనో ఆమ్లాలను, మాంసకృత్తులను, కణపు గోడల్లోని పదార్థాలను వైన్‌లోకి విడుస్తాయి. అప్పుడే కాల్చిన రొట్టె, వేయించిన గింజల వంటి వాసనలు వస్తాయి, నోటిలో వైన్ చిక్కబడి మెత్తనవుతుంది, బుడగ సన్నగా, నిలకడగా తేలుతుంది. మడ్డి చుట్టుపక్కల ఉన్న ఆక్సిజన్‌ను పీల్చుకుని వైన్‌ను తాజాగా కాపాడుతుంది కూడా.

ఎంతకాలం అన్నది చట్టమూ తయారీదారుడూ కలిసి నిర్ణయించే విషయం. సంవత్సరం వేయని షాంపేన్‌ను సీసాలో నింపినప్పటి నుంచి కనీసం 15 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 12 నెలలు మడ్డి మీద గడవాలి. సంవత్సరం వేసిన షాంపేన్‌కు కనీసం మూడేళ్లు. స్పెయిన్ కావాకు కనీసం 9 నెలలు, అందులో ఎక్కువకాలం నిల్వచేసే రకాలైన రిజర్వాకు 18, గ్రాన్ రిజర్వాకు 30. ఇటలీలోని ఫ్రాంచాకోర్తా వైన్‌కు కనీసం 18 నెలలు. మడ్డి మీది కాలం ఎక్కువైతే వైన్ తప్పనిసరిగా మెరుగవుతుందని మాత్రం అనుకోకూడదు. పులుపూ సారమూ చాలని వైన్‌ను ఎన్నేళ్లు పడుకోబెట్టినా, ఉన్న పండు వాసన పోయి ఖాళీ రొట్టె రుచి మిగులుతుంది.

ఐదో మెట్టు: మడ్డిని మూతికి చేర్చడం

తాగేవారి గ్లాసులో మడ్డి ఉండకూడదు, అదే సమయంలో వాయువూ పోకూడదు. ఈ చిక్కుముడి విప్పినవారిలో ముఖ్యురాలు షాంపేన్ వ్యాపారి మదాం క్లికో. 1805లో, ఇరవై ఏడేళ్ల వయసులో భర్త పోయాక, వ్యాపారాన్ని తానే నడిపిన ఆమె నిల్వగదిలో, 1810ల నాటికి, రంధ్రాలున్న బల్లలో సీసాలను తలకిందులుగా గుచ్చి తిప్పే పద్ధతి రూపుదిద్దుకుంది.

దగ్గరగా చూస్తే ఈ పని ఇలా సాగుతుంది. రెండు పలకలను ఏటవాలుగా ఆనించి నిలబెట్టిన బల్లలో సీసాల మెడలు దిగుతాయి. ప్రతి సీసా అడుగునా ఒక తెల్లటి సున్నపు గీత ఉంటుంది. పనివాడు రెండు చేతులతో రెండు సీసాల అడుగులు పట్టుకుని, చిన్నగా అదిలించి, ఎనిమిదో వంతు తిప్పి, ఇంకొంచెం నిలువుగా ఉండేలా దించి పక్క జతకు జరుగుతాడు. ఎన్ని వంతులు తిప్పాడో ఆ తెల్లగీత చెబుతుంది. గదిలో గాజు చెక్కకు తగిలే టకటక శబ్దం తప్ప వేరే అలికిడి ఉండదు. ఇలా నాలుగైదు వారాలు సాగాక సీసా దాదాపు నిట్టనిలువుగా తలకిందులై, మడ్డంతా మూత వెనుక చిన్న గుట్టగా చేరుతుంది. వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే పైనంతా స్వచ్ఛంగా, మెడ కొసన మాత్రమే బూడిదరంగు చుక్కలా కనిపిస్తుంది. 1970ల నుంచి ఈ పనికి గైరోపాలెట్ అనే యంత్రం వచ్చింది. సుమారు 500 సీసాలున్న లోహపు బోనును రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా తిప్పుతూ అది అదే పనిని వారం రోజుల్లో ముగిస్తుంది. రుచిలో తేడా ఉండదు కాబట్టి, దానిని తక్కువ చూపు చూడనక్కరలేదు.

ఆరో మెట్టు: మడ్డి తీయడం, తీపి దిద్దడం, బిరడా వేయడం

తలకిందులైన సీసా మెడను సుమారు మైనస్ 27 డిగ్రీల చల్లని ద్రావణంలో కొన్ని నిమిషాలు ముంచితే, మడ్డి ఉన్న కొన్ని సెంటీమీటర్ల వైన్ గడ్డకడుతుంది. సీసాను నిలబెట్టి మూత ఊడదీయగానే లోపలి ఒత్తిడి ఆ మంచుబిళ్లను బయటికి తన్నేస్తుంది, మడ్డీ దానితోపాటే పోతుంది. ఈ చల్లబరిచే పద్ధతి రాకముందు నేర్పరులు చేత్తోనే చేసేవారు, కొన్నిచోట్ల ఇప్పటికీ చేస్తారు. సీసాను కిందికి వంచి పట్టుకుని, గాలిబుడగ మెడ వైపు పాకుతుండగా మూత ఊడదీసి, మడ్డి ఎగిరిపోయిన మరుక్షణమే సీసాను పైకెత్తి బొటనవేలితో మూస్తారు. అరక్షణం ఆలస్యమైతే వైన్ పోతుంది, అరక్షణం ముందైతే మడ్డి మిగులుతుంది.

తగ్గిన వైన్‌ను భర్తీ చేస్తూ, చెరకు చక్కెర కరిగించిన కొద్ది వైన్ కలుపుతారు. చివరి తీపిని నిర్ణయించేది ఇదే. ఐరోపా నియమాల ప్రకారం లీటరుకు 3 గ్రాముల లోపు చక్కెర ఉండి, ఏమీ కలపకపోతే బ్రూట్ నేచర్, 6 లోపైతే ఎక్స్‌ట్రా బ్రూట్, 12 లోపైతే బ్రూట్, 12 నుంచి 17 ఎక్స్‌ట్రా డ్రై, 17 నుంచి 32 సెక్, 32 నుంచి 50 దెమి-సెక్, 50 దాటితే దూ. ఎక్స్‌ట్రా డ్రై అన్నది బ్రూట్ కంటే తీపి అని చాలామందికి తట్టదు, ఆ పేరు చూసి మోసపోతారు. 19వ శతాబ్దంలో షాంపేన్‌ను చాలా తీపిగా తాగేవారు. 1874 పంటతో షాంపేన్ వ్యాపారి మదాం పొమ్మెరీ తయారుచేయించిన తీపి తక్కువ షాంపేన్, ఇంగ్లీషువారి అభిరుచికి సరిపోయి, నేటి బ్రూట్‌కు బాట వేసింది. ఇటీవల చక్కెర అసలే కలపకపోవడం గొప్పగా చెలామణి అవుతోంది కాని, లీటరుకు ఐదారు గ్రాముల చక్కెర తీపి కోసం కాక పులుపు అంచును నునుపు చేయడానికే ఉంటుందని, అది వైన్ వయసుతో కలిసి అందమైన వాసనలకు కారణమవుతుందని గుర్తించాలి.

ఆ తరువాత కార్క్ బిరడా. మూతి కంటే బాగా లావుగా ఉన్న బిరడాను నొక్కి సగం లోపలికి దింపి, తీగ బుట్టతో కట్టేస్తారు. బయట మిగిలిన భాగం ఉబ్బి పుట్టగొడుగు ఆకారం వస్తుంది. 1844లో అడోల్ఫ్ జాక్సోఁ తీగబుట్టకు పేటెంటు పొందేదాకా బిరడాలను తాళ్లతో కట్టేవారు.

పక్కకు తిరిగే దారి: ట్యాంకు

రెండోసారి పులియడం సీసాలోనే జరగాలన్న నియమం ప్రకృతిలో లేదు. 1895లో ఇటలీలోని ఆస్తి పట్టణ వైన్ పరిశోధనా కేంద్రంలో పనిచేసే ఫెదెరికో మార్తినోత్తి, మూసిన పెద్ద పాత్రలో అదే పనిని చేయవచ్చని పేటెంటు తీసుకున్నాడు. 1907లో ఫ్రెంచివాడైన యుజేన్ షార్మా దానిని పరిశ్రమకు పనికొచ్చేలా దిద్దాడు. రెండో మెట్టు దాకా దారి ఒకటే. ఆపైన వైన్, చక్కెర, ఈస్ట్‌లను ఒత్తిడి తట్టుకునే స్టీలు ట్యాంకులో కలిపి, పులిసిన తరువాత చల్లార్చి, వాయువు పోకుండా ఒత్తిడి కిందే వడగట్టి సీసాలలో నింపుతారు. సీసాలు తిప్పే పనీ, మంచుబిళ్ల పనీ ఉండవు. మడ్డితో వైన్ గడిపే కాలం వారాల్లోకి కుదించుకుపోతుంది.

దీనిని చవకబారు పద్ధతిగా తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. ప్రొసెక్కోకు మూలమైన గ్లేరా ద్రాక్షలో బేరిపండు, ఆకుపచ్చ ఆపిల్, తెల్లపువ్వుల వాసనలు సున్నితంగా ఉంటాయి. వాటిని మూడేళ్లు మడ్డి మీద పెడితే ఆ వాసనలే చచ్చిపోతాయి. తాజాదనమే దాని విలువ అయినప్పుడు, తాజాదనాన్ని కాపాడే పాత్ర ట్యాంకే. వెనెతో, ఫ్రియూలి ప్రాంతాలకు చెందిన ఈ వైన్‌లో కనీసం 85 శాతం గ్లేరా ఉండాలి. ఒకప్పుడు ద్రాక్షకే ప్రొసెక్కో అన్న పేరుండేది. 2009లో ద్రాక్షను గ్లేరాగా పిలుస్తూ, ప్రొసెక్కో అన్న పేరును ప్రాంతానికి కట్టిపెట్టారు. అదే ఏడు కొనెల్యానో వాల్దొబ్బియాదెనె కొండలకు ఇటలీ వైన్ చట్టంలోని అత్యున్నత హోదా దక్కింది, 2019లో అవి యునెస్కో వారసత్వ జాబితాలోకి చేరాయి. నిట్టనిలువు వాలులపై మనిషి తప్ప యంత్రం ఎక్కలేని ఆ తోటల వైన్, మైదానంలోని ప్రొసెక్కో కంటే లోతుగా ఉంటుంది.

ఒక్కసారే పులిసేవి

ఇక్కడ ఇంకో సంగతి. రెండోసారి పులియబెట్టకుండా, మొదటిసారి పులిసేటప్పుడే మధ్యలో మూత బిగిస్తే ఏమవుతుంది? ఇటలీలోని ఆస్తి వైన్ అలాంటిదే. మొస్కాతో ద్రాక్ష రసాన్ని దాదాపు గడ్డకట్టేంత చల్లగా నిల్వ చేసి, అవసరమైనప్పుడు ట్యాంకులో పులియబెట్టి, మధ్యలో మూసివేసి వాయువును పట్టి, ఆల్కహాలు 7 శాతం చుట్టుపక్కలకు రాగానే చల్లార్చి, ఈస్ట్‌ను వడగట్టి ఆపేస్తారు. పండిన ద్రాక్షలోని తీపి, ఆ పువ్వుల వాసన అలాగే మిగులుతాయి. అదే ద్రాక్షతో చేసే మొస్కాతో దాస్తి అనే వైన్‌లో ఆల్కహాలు 5 శాతం దగ్గరే ఆగుతుంది, బుడగ మరింత మెత్తగా ఉంటుంది.

ట్యాంకు కాక సీసాలోనే, సగం పులిసిన రసాన్ని నింపి మూసేస్తే అది పూర్వీకుల పద్ధతి. ఫ్రాన్స్ దక్షిణాన లిమూ ప్రాంతంవారు 1531లో సెయింటిలేర్ మఠంలో తమ వైన్ ఇలా పుట్టిందని చెప్పుకుంటారు. ఈ రోజుల్లో పెత్-నా అన్న ముద్దుపేరుతో మళ్లీ ప్రచారంలోకి వచ్చిన వైన్లు చాలావరకు ఈ కోవలోవే. మడ్డి అందులోనే ఉండిపోవచ్చు, మసకగా కనిపించవచ్చు. సీసాలో నింపే సమయాన మిగిలిన చక్కెర ఎంతో తెలిసి ఉండడం మీదే దీని నాణ్యతా, భద్రతా ఆధారపడి ఉన్నాయి. కాబట్టి సరళంగా కనిపించే ఈ పద్ధతి మొదలుపెట్టేవారికి నిజానికి కష్టమైనది.

మిగిలినవి రెండు. సీసాలో పులిసిన వైన్‌ను ఒత్తిడి కిందే ట్యాంకులోకి ఒంపి, వడగట్టి, మళ్లీ సీసాలకెత్తడం ఒకటి. చిన్నసైజు, అతి పెద్దసైజు సీసాలకు దీనిని వాడతారు. వైన్‌లోకి వాయువును యంత్రంతో ఎక్కించడం రెండోది. అందులో బుడగలు పెద్దవిగా, గరుకుగా వచ్చి, గ్లాసులో త్వరగా అణగిపోతాయి.

ఏ నేల ఏ దారిని పట్టింది

కావాకు గుండెకాయ స్పెయిన్‌లోని కతలోనియా. 1872లో జోసెప్ రవెంతోస్ సంట్ సదుర్ని దనోయా అనే ఊళ్లో సంప్రదాయ పద్ధతిలో తొలి వైన్ చేశాడు. మకాబేయో, షరెల్లో, పరెయాదా అన్న స్థానిక ద్రాక్షల వల్ల కావాకు షాంపేన్‌తో పోలికలేని మట్టి, మూలికల ఛాయ ఉంటుంది. ఫ్రాంచాకోర్తా, ఇటలీ ఉత్తరాన ఇసేయో సరస్సు పక్కన, షార్డొనే, పినో న్వార్ వంటి ద్రాక్షలతో షాంపేన్‌కు దగ్గరి బంధువు. అక్కడి సాటెన్ రకంలో తెల్ల ద్రాక్షనే వాడి, ఒత్తిడిని 5 అట్మాస్ఫియర్ల లోపే ఉంచడం వల్ల బుడగ పట్టులా జారుతుంది. ఫ్రాన్స్‌లోనే ఆల్జాస్, లువార్, బుర్గోఞ్ వంటి ఎనిమిది ప్రాంతాల్లో సీసాలో పులిసే వైన్లకు క్రెమాన్ అన్న పేరుంది. సంప్రదాయ పద్ధతి రుచిని నేర్చుకోదలచినవారు షాంపేన్ కంటే ముందు వీటితోనే మొదలుపెట్టవచ్చు.

జర్మనీ స్పార్క్లింగ్ వైన్ అయిన సెక్ట్ పుట్టుక వెనుక కూడా మదాం క్లికో సంస్థే ఉంది: అక్కడ పనిచేసి తిరిగొచ్చిన గెయోర్గ్ క్రిస్తియాన్ కెస్లర్ 1826లో ఎస్లింగెన్‌లో తన నిల్వగది పెట్టాడు. జర్మనీ చక్రవర్తి నౌకాదళం కోసమని 1902లో విధించిన స్పార్క్లింగ్ వైన్ పన్ను నేటికీ ఆ దేశంలో ఉంది. సెక్ట్ అన్న పేరు మాత్రమే ఉంటే అందులో వేరే దేశాల వైన్ ఉండవచ్చు. జర్మన్ ద్రాక్ష కావాలంటే డొయిచర్ సెక్ట్ అనీ, తోటదారు స్వయంగా పండించి సీసాలో పులియబెట్టినదైతే వింట్సర్‌సెక్ట్ అనీ చూడాలి. ఇంగ్లండు దక్షిణాన సస్సెక్స్, కెంట్ ప్రాంతాల్లోనూ సుద్దనేలలున్నాయి. 1988లో నైటింబర్ తోటలో షాంపేన్ ద్రాక్షలు నాటడంతో మొదలైన కథ, చల్లని ఆ దేశానికి అనువైన పులుపుతో అబ్బురంగా పెరిగింది. దక్షిణాఫ్రికాలో 1971లో సిమన్సిగ్ సంస్థ చేసిన కాప్సె ఫొంకల్ అనే వైన్ అక్కడ సంప్రదాయ పద్ధతికి నాంది. ఆ దేశం దానిని క్యాప్ క్లాసిక్ అంటుంది. కాలిఫోర్నియాలోని ష్రామ్స్‌బర్గ్ సంస్థ 1969 పంట వైన్‌ను 1972లో బీజింగ్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ విందుకు తీసుకెళ్లారు. ఆస్ట్రేలియావారు షిరాజ్ అనే నల్ల ద్రాక్షతో ముదురెరుపు స్పార్క్లింగ్ వైన్ చేస్తారు. ఎర్ర వైన్ గరుకుదనానికి తీపీ బుడగలూ తోడు కావడం మొదట వింతగా అనిపించినా, చల్లబరిచి తాగితే దాని మర్మం తెలుస్తుంది.

చివరి మెట్టు: చదవడం, తెరవడం, పోయడం

లేబుల్ మీద మూడు విషయాలు చూడండి: పద్ధతి, తీపి, వీలైతే మడ్డి తీసిన తేదీ. సీసాలోనే పులిసిన వైన్ అంటే "ఈ సీసాలో పులిసినది" అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. ఉత్త "సీసాలో పులిసినది" అంటే ట్యాంకుకు ఒంపి మళ్లీ నింపినది కావచ్చు. ఒక్క "ఈ" అనే అక్షరానికి ఉన్న బరువది.

తెరిచే ముందు 7 నుంచి 9 డిగ్రీలకు చల్లబరచాలి. ఐసూ నీళ్లూ కలిపిన గిన్నెలో అరగంట చాలు. వెచ్చని సీసాలో వాయువు నిలవక ఎగదన్ని, బిరడా గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. రేకు తీసి, బొటనవేలిని బిరడా మీదే ఉంచి తీగను ఆరు సగం చుట్లు విప్పి, బుట్ట తీయకుండానే బిరడాను పట్టుకుని, సీసాను 45 డిగ్రీల ఏటవాలున ఉంచి, బిరడాను కాదు, సీసాను తిప్పాలి. బిరడా తనంతట తాను పైకి వస్తుంటే దానిని వెనక్కి ఆపుతూ ఉండాలి. ఢామ్మని పేలడం వాయువు వృథా అయిందనడానికి గుర్తు. నిట్టూర్పులాంటి శబ్దం వస్తే చాలు.

గ్లాసును వంచి అంచు మీదుగా మెల్లగా పోస్తే వాయువు ఎక్కువ మిగులుతుంది. పళ్లెం లాంటి వెడల్పు గ్లాసులో బుడగలు త్వరగా పోతాయి, సన్నని గొట్టం లాంటి గ్లాసులో వాసన తెలియదు, మధ్యలో ఉబ్బి పైన సన్నబడే గ్లాసు మంచిది. గ్లాసును కంటికి దగ్గరగా పట్టుకుని ఒక బుడగల తీగ ఎక్కడ మొదలైందో వెతకండి. చాలాసార్లు అక్కడ తుడిచిన గుడ్డ నుంచి రాలిన పోగు ముక్క ఉంటుంది. దాని లోపల చిక్కిన చిన్న గాలిగుళిక లోకి వైన్‌లోని వాయువు చేరి, ఉబ్బి, విడివడి పైకి పోతుంది. సబ్బు పొర మిగిలిన గ్లాసులో మాత్రం నురగ నిలవదు, కనుక వేడినీటితో బాగా కడిగి గుడ్డతో తుడవండి.

మిగిలిపోతే మూతిలో చెంచా వేసి ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పే పద్ధతికి ఏ ఆధారమూ లేదు. వాయువును ఆపేది చల్లదనమే, దానితోపాటు బిగుతైన మూత. స్పార్క్లింగ్ వైన్ కోసమే చేసిన కొక్కెపు మూత వేసి ఫ్రిజ్‌లో ఉంచితే, మర్నాడు కూడా గ్లాసులో ఆ బుడగల తీగ కనిపిస్తుంది.